రెండు చుట్ల వంకర

మొదటి ఆదివారం లారీ వెళ్ళి చెప్పుల స్టాండును గుద్దింది. నడవాలో గుద్దడానికి ఇంకేమీ లేనట్టు, కుడి గోడ పక్కన తన మానాన తాను నిలబడి ఉన్న స్టాండు కాలికి ఠకీమని తగిలి ఆగింది. పై అరలోంచి అక్క చెప్పు ఒకటి జారి సరిగ్గా లారీ నెత్తిన పడింది.

నవ్వొచ్చే సంగతే. మామూలు రోజుల్లో అయితే ఆ ఇంట్లో ముగ్గురూ కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. లారీ బొమ్మదే కానీ, దాని మీద కాసిన పందెం బొమ్మ పందెం కాదు.

పందెం కాసినవాడు బావ. అరవై ఆరేళ్ళ మనిషి, ముప్ఫై నాలుగేళ్ళు ట్రైలర్ లారీ నడిపినవాడు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. కాలు కొంత తిరిగి వచ్చింది. మాట కాస్త నిదానించినా చాలావరకు వచ్చింది. కుడి చెయ్యి మాత్రం అలిగి కూర్చుంది. "ఇంకో రెండు నెలలు గట్టిగా వాడితే వస్తుంది. వాడకపోతే ఇక ఇంతే," అని కసరత్తులు చేయించడానికి వచ్చే అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పేసింది. రబ్బరు బంతి చేతిలో పెట్టి పిసకమంది. బావ ఆ బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, "పద్దెనిమిది చక్రాల బండి తిప్పిన చెయ్యమ్మా ఇది. దీనికి బంతాటా?" అని పక్కన పెట్టేశాడు. ఆ బంతి మంచం కిందకి దొర్లిపోయింది. అక్క గది ఊడ్చినప్పుడల్లా బయటికి రావడం, మళ్ళీ లోపలికి పోవడం, అదే దాని పని.

అక్క బతిమాలింది, తిట్టింది, రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. మొండివాడు రాజు కన్నా బలవంతుడు. బావ రోజంతా ముందుగది కిటికీ దగ్గర కూర్చుని, దూరంగా పెద్దరోడ్డు మీద పోయే లారీల్ని చూస్తూ పొద్దుపుచ్చేవాడు. అన్నం ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు. కుడి చెయ్యి ఎవరిదో వస్తువు దాచమంటే దాచినట్టు ఒళ్ళో పెట్టుకునేవాడు.

అప్పుడు రంగంలోకి దిగాడు చంటి.

చంటి అంటే పాలు తాగే పిల్లాడనుకునేరు. నలభై ఏడేళ్ళు, సగం బట్టతల, ముక్కు మీదకి జారే కళ్ళజోడు. అక్కకి ఒక్కగానొక్క తమ్ముడు. కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం అతనిది. దారం తెంపే మిషను, కుట్టు వదిలే మిషను, ఉత్తపుణ్యానికి అలిగే మిషను, ఏదొచ్చినా వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసి గానీ వదలడు. ఆదివారం వచ్చిందంటే మాత్రం లారీలు. నిజం లారీలో పద్నాలుగో వంతు ఉండే రిమోట్ లారీలు తెచ్చి, విప్పి, లోపలి సరంజామా అంతా తనకు నచ్చినట్టు మార్చి, మళ్ళీ బిగించడం. పన్నెండేళ్ళుగా అదే పిచ్చి.

"పెళ్ళి చేసుకోరా అంటే లారీల్ని చేసుకున్నావు," అని అక్క దెప్పేది.

"అవి ఎదురు చెప్పవక్కా."

"ఎందుకు చెప్తాయీ, నోరు విప్పకముందే బోల్టులు విప్పేస్తావుగా."

చంటికి లారీ పిచ్చి అంటించింది బావే. చంటికి ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అక్కకి పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. అక్క చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి వచ్చేసిన పిల్లాడు వారం రోజులు అన్నం ముట్టలేదు, ఎవరితోనూ పలకలేదు. ఎనిమిదో రోజు బావ వాణ్ణి ఎత్తుకెళ్ళి లారీలో తన ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వాడి చేతికిచ్చి, వాడి చేతుల మీద తన చేతులు వేశాడు. పిల్లాడు ఆ పెద్ద చేతుల కేసి చూస్తుంటే, "చెయ్యి చూడకు, రోడ్డు చూడు," అన్నాడు. రోడ్డు చూశాడు చంటి. లారీ తాడు లాగినట్టు తిన్నగా పోయింది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. లారీ నేనే నడిపానని నెల రోజులు బడంతా చెప్పుకు తిరిగాడు.

అలాంటి మనిషి చెయ్యి ఒళ్ళో చచ్చినట్టు పడి ఉంటే చంటి చూస్తూ ఊరుకోలేకపోయాడు. బంతి వద్దన్నవాడు లారీ వద్దనడు కదా అనిపించింది. మూడు వారాలు దుకాణం తలుపు వేసుకుని, బావ నడిపిన లారీనే బొమ్మగా కట్టాడు. అదే ఆకుపచ్చ తల, అదే ఎర్ర బంపరు, పక్క అద్దం బీటలిస్తే బావ అంటించిన నల్ల టేపు ముక్కతో సహా అదే. వెనక రెండున్నర మూరల ట్రైలరు.

పైపూత ఎవడైనా పూస్తాడు. చంటి పనితనమంతా లోపల ఉంది. పెట్టెలోంచి వచ్చిన లారీ తోక తొక్కిన పిల్లిలా పరిగెడుతుంది, అసలు లారీ అలా పరిగెత్తదు. అందుకని మోటారు తీసేసి, నెమ్మదిగా తిరిగినా బరువు లాగే మోటారు పెట్టాడు. గేరుపెట్టెలో ప్లాస్టిక్ బుష్షులకి బదులు బేరింగులు వేశాడు. వెనక రెండు ఇరుసుల్లో ఒకదానికే శక్తి వచ్చేది, రెండోదానికీ షాఫ్టు వేశాడు. ఇక స్టీరింగు. ముందు చక్రాల్ని తిప్పే చిన్న మోటారును సర్వో అంటారు. అది ఎక్కడో నడుం దగ్గర కూర్చుని పొడుగాటి కడ్డీతో చక్రాల్ని లాగేది. కడ్డీ పొడుగైన కొద్దీ వదులు ఎక్కువ. దాన్ని తెచ్చి ముందు ఇరుసు వెనకే బిగించి, పొట్టి కడ్డీ వేసి, కడ్డీ కొసల మరలు తిప్పుతూ చక్రాల్ని తిన్నగా నిలబెట్టాడు. దుకాణం నేల మీద దర్జీ సుద్దతో గీత గీసి, స్టీరింగు ముట్టుకోకుండా పోనిచ్చాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా లారీ గీత దాటలేదు. "అదీ," అనుకున్నాడు చంటి. అతనికి ఆ మాత్రం గర్వం ఉంది.

రిమోట్ ఎడమ చేత్తో పట్టుకుని వేలితో మీట నొక్కితే లారీ కదులుతుంది. దాని పక్కనున్న చక్రం కుడి చేత్తో తిప్పితే మలుపు తిరుగుతుంది. ఆ చక్రం మరీ చిన్నది, పడిపోయిన వేళ్ళకి దొరకదు. అందుకని గుండీల డబ్బా మూత బిగించి, దాని చుట్టూ తాడు అల్లాడు. అసలు లారీ స్టీరింగుకి బావ అలాగే తాడు చుట్టుకునేవాడు. తాడు కొస ముడి సరిగ్గా నడినెత్తిన పెట్టాడు. ముడి పైన ఉందంటే చక్రాలు తిన్నగా ఉన్నట్టు. చక్రాన్ని వెనక్కి లాగే స్ప్రింగు గట్టిగా ఉందని, పాత మిషనులోంచి మెత్తటి స్ప్రింగు తీసి వేశాడు.

బావ లారీ చుట్టూ ఒకసారి చూపు తిప్పాడు. ఎడమ చేత్తో అద్దం మీది టేపు ముక్కని తడిమాడు.

"సరే," అన్నాడు చివరికి. "మూడు ఆదివారాలు. హాలు నించి వంటింటి గడప దాకా, ఎక్కడా తగలకుండా ఒక్కసారి పోనిస్తా. పోయిందా, ఆ పిల్ల ఏ కసరత్తు చెయ్యమంటే అది చేస్తా. పోలేదా, ఈ చేతి సంగతి ఇంకెవరూ నా దగ్గర ఎత్తకూడదు. మాటంటే మాట."

అక్క గుండెల్లో రాయి పడింది. బావ మాటంటే ఏమిటో ఆమెకి తెలుసు. బీడీలు మానేస్తానని ముప్ఫై ఏళ్ళ కిందట ఒక మంగళవారం అన్నాడు, బుధవారం నుంచి ముట్టలేదు.

ఆ మొదటి ఆదివారమే చెప్పు లారీ నెత్తిన పడింది.

"బండిలో ఏదో తేడా ఉంది బావా," అన్నాడు చంటి వెంటనే, లారీ కడుపు తిప్పి చూస్తూ. "వెనక చక్రం ఒకటి జారుతున్నట్టుంది."

"ఆడలేక మద్దెల ఓడనే రకాన్ని కాదురా నేను," అన్నాడు బావ. "బండి బాగానే ఉంది. చెయ్యే బాగాలేదు."

చంటి వినలేదు. మిషను తప్పే గానీ కుట్టేవాడి తప్పు ఎన్నడూ ఎంచనివాడు. లారీని దుకాణానికి పట్టుకెళ్ళి వెనక ఇరుసులు విప్పాడు. మలుపులో రెండు పక్కల చక్రాలు వేరువేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ళచక్రాలు లోపల ఉంటాయి. వాటిని కదలకుండా బిగించేశాడు. ఇక ఒక చక్రం జారే ప్రసక్తే లేదు. నున్నటి నేల మీద నాలుగు ఇటుకలు కట్టినా లాగింది.

రెండో ఆదివారం లారీ హాల్లోంచి బయల్దేరి, ముక్కుసూటిగా కుడి గోడ కేసి నడిచింది. బావ ఎడమకి తిప్పాడు. వెనక చక్రాలన్నీ కలిసి ముందుకే తోస్తుంటే ముందు చక్రాలు పాపం ఏం చేస్తాయి? మెడ తిప్పాయి గానీ ఒళ్ళు తిరగలేదు. చెప్పుల స్టాండు కాలు ఒకటి వంకరపోయింది.

"రోగం ఒకటి, నువ్వేసే మందు ఒకటి," అంది అక్క, తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి. గొంతు తగ్గించి అందే గానీ కళ్ళలో నీళ్ళు తగ్గలేదు. "ఒక్కటే మిగిలిందిరా. ఆయన ఆ చేతిని ఇలాగే వదిలేస్తాడు. నాకు తెలుసు. వదిలేసి, పైకి నవ్వుతూ తిరుగుతాడు."

ఆ వారం చంటి దుకాణంలో ఆరు మిషన్లు ముట్టుకునే నాథుడు లేక పడి ఉన్నాయి. ఇరుసుల్ని మళ్ళీ వదులు చేశాడు. సర్వో మార్చి, దానికి రెండింతల బలమున్నది పెట్టాడు. సర్వోకీ కడ్డీకీ మధ్య ఒక చిన్న స్ప్రింగు ముక్క ఉంటుంది. చక్రానికి దెబ్బ తగిలితే అది కాస్త ఒంగి, లోపలి పళ్ళకి దెబ్బ తగలకుండా కాస్తుంది. దానివల్లే స్టీరింగులో వీసమెత్తు వదులు వస్తోందని దాన్నీ పీకేశాడు. అనుభవమున్నవాడు చేసే పని కాదది. కంగారులో ఉన్నవాడు చేసే పని. సుద్దగీత మీద లారీ ఈసారి కూడా అణువంత పక్కకి పోలేదు.

మూడో ఆదివారం వచ్చింది. చక్రం మీద కుడి చెయ్యి పెట్టడానికే బావ ఎడమ చేత్తో సాయం పట్టాడు. లారీ కదిలింది. రెండు గజాలు బాగానే పోయింది. తర్వాత మెల్లమెల్లగా, ఎవరో కుడి వైపు నుంచి పేరు పెట్టి పిలుస్తున్నట్టు పక్కకి జరిగింది. అక్క ముందే చెప్పుల స్టాండు తీసేసింది, అందుకని తిన్నగా గోడకే తగిలింది. కాచే స్ప్రింగు లేదు కదా, లోపల సర్వో పళ్ళు గరగరమని రాలాయి.

బావ రిమోట్‌ని స్టూలు మీద పెట్టాడు. గాజుగ్లాసు పెట్టినంత నెమ్మదిగా పెట్టాడు.

"అయిపోయింది చంటీ. నువ్వు బాగా కట్టావు. లోపం నాదే."

తిట్టినా బాగుండేది. చంటి రాలిన పళ్ళ చప్పుడు చేసే ఆ లారీని చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి దుకాణం దాకా నడిచాడు.

బుధవారం మధ్యాహ్నం సర్వోలోకి కొత్త పళ్ళు వేశాడు, స్ప్రింగు ముక్కని మళ్ళీ దాని చోట పెట్టాడు. ఎందుకు వేశాడంటే, విరిగింది ఎదురుగా ఉంటే ఊరుకోలేడు కాబట్టి వేశాడు. పరీక్షిద్దామంటే రిమోట్ అక్కవాళ్ళింట్లో ఉండిపోయింది. తెచ్చుకుందామని వెళ్ళాడు.

తలుపు తీసే ఉంది. అక్క వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ముందుగది గుమ్మంలో అడుగు పెట్టబోయి చంటి ఆగిపోయాడు.

బావ కిటికీ కేసి తిరిగి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రిమోట్ ఉంది. దాని దీపం వెలగడం లేదు. లారీ ఇక్కడ లేదు, దుకాణంలో బల్ల మీద ఉంది. అయినా బావ ఎడమ వేలు మీట మీద ఉంది. కుడి చెయ్యి తాడు చుట్టిన చక్రం మీద ఉంది. కళ్ళు పెద్దరోడ్డు మీద ఉన్నాయి. ఒక లారీ ఎటు నుంచి వస్తే అటు నుంచి దాన్ని పట్టుకుని, కనుమరుగయ్యే దాకా దానితోపాటు నడుపుతున్నాడు. ఎవరూ చూడ్డం లేదనుకుని నడుపుతున్నాడు.

చంటి వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాడు. వెళ్ళబోతూ ఆ చేతి కేసి చూశాడు. మూడు ఆదివారాలుగా లారీ చక్రాల్ని తప్ప ఆ చేతిని ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడ్డానికి లారీ లేదు కాబట్టి చెయ్యి కనిపించింది.

తాడు ముడి నడినెత్తిన లేదు. అంగుళం కుడికి ఉంది.

చంటి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. చెయ్యి జారుతోందా? లేదు. అదే చెయ్యి, గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు ఒలికించే చెయ్యి, ఇక్కడ మాత్రం మేకు కొట్టినట్టు నిలబడింది. రోడ్డు మలుపులో లారీ ఎడమకి తిరిగితే ముడి ఎడమకి పోయింది. రోడ్డు తిన్నగా అవగానే మళ్ళీ వచ్చి సరిగ్గా ఆ అంగుళం దగ్గరే ఆగింది. పట్టు లేని చెయ్యి అయితే ఒకసారి ఇటూ ఒకసారి అటూ పోవాలి. ఇది ప్రతిసారీ ఒకే చోటికి వస్తోంది.

చంటి పిల్లిలా నడిచి వంటింట్లోకి వెళ్ళాడు.

"అక్కా, బావ లారీ ఎడమకి లాగేదా?"

అక్క కత్తి ఆపి తలెత్తింది. "ఇప్పుడా సంగతి ఎందుకురా?"

"ముందు చెప్పు."

"లాగేదా అని మెల్లగా అడుగుతావేంటి? పట్టుకోకపోతే రోడ్డు దిగి పొలంలో పడేది. మా పెళ్ళయిన ఏడాదికి సరుకు దింపే చోట వెనక్కొస్తూ ఇంకో బండి దాని మూతి పగలగొట్టింది. అప్పట్నించీ అంతే. ఓనరు బాగుచేయిస్తానంటే ఈయనే వద్దన్నాడు. ఇంకో డ్రైవరెవడైనా ఎక్కితే పది మైళ్ళు పోకముందే చేతులు పడిపోయి దిగిపోయేవాడు. అలా ఉంటేనే బండి మన చేతిలో ఉంటుంది, ఇంకెవడికీ ఇవ్వరు అనేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ వంకర బండినే తిన్నగా నడిపాడు." ఉల్లిపాయ వల్లో మరి దేనివల్లో కళ్ళు తుడుచుకుంది. "కొత్త బండి ఇచ్చినప్పుడు చూడాలి నీ బావ తిప్పలు. మూడు నెలలు కుడి పక్క గేట్లన్నీ గీకి..."

అక్క మాట అక్కడే ఆగిపోయింది. కత్తి బల్ల మీద పెట్టి తమ్ముడి మొహంలోకి చూసింది.

"ఒరే చంటీ," అంది. "నువ్వు ఆ లారీని తిన్నగా కట్టావా?"

"వెంట్రుకవాసి తేడా లేకుండా కట్టానక్కా," అన్నాడు చంటి. నవ్వబోయాడు, ఏడుపు వచ్చింది. వంటింటి గట్టుని పట్టుకుని రెండూ కలిపి కానిచ్చేశాడు. అందరూ ఆ చెయ్యి అన్నీ మరిచిపోయిందనుకున్నారు. బావ కూడా అదే అనుకున్నాడు. అది ఒక్కటీ మరిచిపోలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటుని, సగం ప్రాణంతో, గురి తప్పకుండా పట్టుకుని కూర్చుంది.

అక్క చేత రిమోట్ తెప్పించుకుని దుకాణానికి తిరిగి వచ్చి, లారీని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. రిమోట్ మీద ఇంకో చిన్న మీట ఉంటుంది, అటు జరిపితే లారీ ఎడమకి పోతుంది, క్షణంలో పని. కానీ అప్పుడు వంకర రిమోట్‌ది అవుతుంది, బండిది కాదు. బావ నడిపింది వంకర బండిని. చంటి చిన్న పానా తీసుకుని సర్వో నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీని పట్టుకున్నాడు. పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా వంకరవాటిని తిన్నగా చేయడమే తెలిసిన చెయ్యి, తిన్నగా ఉన్నదాన్ని వంకర చేయమంటే మొరాయించింది. ఒక చుట్టు తిప్పాడు. చాలదనిపించింది. ఇంకో చుట్టు తిప్పాడు.

సుద్దగీత మీద వదిలితే లారీ ఎడమకి తిరిగి, వరసగా నిలబెట్టిన మిషన్లలో మొదటిదాని కాలిని గుద్దింది. ఆదివారం దాకా ఆగే ఓపిక అతనికి లేకపోయింది.

ఎండ ఇంకా వాలకముందే లారీని, రిమోట్‌నీ చంకన పెట్టుకుని ప్రత్యక్షమయ్యేసరికి బావ మొహం తిప్పుకున్నాడు.

"మూడూ అయిపోయాయి కదరా. మాటంటే మాట."

"పందెం సంగతి ఎవరెత్తారు బావా? రిపేరు చేశాను. మెకానిక్ బండి అప్పగిస్తే డ్రైవరు ట్రయల్ చూడకుండా తీసుకుంటాడా? చూసి, బాగుందో లేదో చెప్పు, పట్టుకుపోతాను."

ఇది ఏ డ్రైవరూ కాదనలేని మాట. షెడ్డులోంచి వచ్చిన బండిని, పక్క సీట్లో మెకానిక్‌ని కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి చూడకపోతే వాడు డ్రైవరే కాదని బావే వెయ్యిసార్లు అన్నాడు. బావ గొణుక్కుంటూ కుర్చీని హాల్లోకి జరిపించుకున్నాడు. చంటి పక్కన నేల మీద కూర్చున్నాడు. అక్క వంటింటి గడప అవతల నిలబడింది.

లారీ కదిలింది. తాడు ముడి నడినెత్తి నుంచి జరిగి, జరిగి, తన అంగుళం దగ్గరికి వచ్చి ఆగింది. లారీ నేల పలకల మధ్య గీత మీద నడిచింది. చెప్పుల స్టాండు మళ్ళీ తన చోటికి వచ్చి ఉంది, దాన్ని దాటింది. స్నానాల గది తలుపు దాటింది. రెండున్నర మూరల ట్రైలరు దాని వెనకే ఒద్దికగా పోయింది. గడప దగ్గర అక్క కాళ్ళ ముందు ఆగింది.

బావ తన చేతి కేసి చూసుకున్నాడు, ముడి కేసి చూశాడు, తర్వాత చంటి కేసి చూశాడు.

"ఎడమకి లాగుతోంది," అన్నాడు.

"లాగుతుంది బావా."

"ఎంత తిప్పావు?"

"రెండు చుట్లు."

"నాదీ సుమారు అంతే ఉండేది." బావ గడప దగ్గరున్న అక్క కేసి చూశాడు. "ఎవరు చెప్పార్రా నీకు? మీ అక్కా?"

"నీ చెయ్యే చెప్పింది. మూడు వారాలుగా చెప్తూనే ఉంది, నాకే చెవులు లేవు. అది పోలేదు బావా. నేను బండిని తప్పు కట్టాను."

బావ కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే ఎడమ చెయ్యి ఖాళీ లేదు, కుడి చేతిని చక్రం మీది నుంచి తీయడం ఇష్టం లేదు. కాసేపటికి గట్టిగా నవ్వాడు. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో వినపడని నవ్వు.

"చూశావుటే," అన్నాడు అక్కతో, "నాకు ఓటి మద్దెలే కావాలిట. ఆ బంతి ఎక్కడుందో తీసి పెట్టు, రేపు ఆ పిల్ల వస్తుంది."

అక్క బంతి కోసం అక్కడి నుంచే వంగబోయింది, మంచం ఇంకో గదిలో ఉందన్న సంగతి కూడా గుర్తు లేదు పిచ్చితల్లికి.

"నువ్వు వెనక్కి తీసుకురారా దాన్ని," అని బావ రిమోట్ చంటికిచ్చాడు. అక్క లారీని ఎత్తి ఇటు తిప్పి పెట్టింది.

చంటి మీట నొక్కాడు. ఎన్ని లారీలు కట్టాడో, ఎన్ని నడిపాడో లెక్కలేదు. రెండు గజాలు పోయిందో లేదో అది ఎడమకి జరగడం మొదలుపెట్టింది. కుడికి తిప్పితే మరీ కుడికి వచ్చింది, వదిలితే మళ్ళీ ఎడమకి పోయింది. నడవా అంతా పాములా మెలికలు తిరిగింది.

"అయ్యో రాత," అన్నాడు బావ. "లారీ నేనే నడిపానని బడంతా చెప్పుకు తిరిగావు కదరా!"

చంటి నవ్వుతుండగానే ఆ రోజు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళప్పుడు ఆ బండి తిన్నగా పోయింది. తాడు లాగినట్టు పోయింది. అప్పటికే దాని మూతి పగిలి ఏడాది దాటింది. ఆ రోజు అది లాగుతూనే ఉండి ఉంటుంది. తన చేతికి మాత్రం ఏమీ తెలియలేదు.

బావ ఒళ్ళో కుడి చెయ్యి కదిలింది. ఎడమ చెయ్యి సాయం రాలేదు, ఎవరూ అడగలేదు. వణుకుతూ లేచి, కుర్చీ చేతిని దాటి, మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ కదిలి, వచ్చి చక్రం మీది చంటి చేతి మీద వాలింది. బరువుగా ఉంది, కాస్త చల్లగా ఉంది. అంగుళం కుడికి నొక్కి అక్కడే నిలబడింది.

లారీ తిన్నగా రావడం మొదలుపెట్టింది.

చంటి ఆ చేతి కేసే చూస్తూ కూర్చున్నాడు.

"చెయ్యి చూడకు," అన్నాడు బావ మెల్లగా. "రోడ్డు చూడు."

రోడ్డు చూద్దామనే తలెత్తాడు చంటి. ఏమీ కనిపించలేదు. కళ్ళజోడు నిండా నీళ్ళే.